డి ప్లెయిన్

మెసేజ్ వచ్చినప్పుడు నేను
దుంగా రేవులో, పాత వలల మీద
ఒమెనా చేపలు ఆరబోస్తున్నాను.
చిటికెన వేలంత చేపలు.
గుప్పిట పడితే వెండి చిల్లర.
ఫోను మీద ఒక పొలుసు అతుక్కుంది.
గోటితో గీకి చదివాను:
అపొండి అవూర్.
భౌతికశాస్త్రం ఈ. లెక్కలు డి మైనస్.
మొత్తం మీద డి ప్లెయిన్.

ప్లెయిన్ అంటే ఉత్తది.
పక్కన ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు.
ఓదార్చడానికో తిట్టడానికో
ఒక్క గీతైనా తోడు లేదు.

ఫోను ఆపేసి లెసో ముడిలో దోపుకున్నాను.
మిగిలిన రెండు గంపలూ ఆరబోశాను,
చేప మీద చేప పడకుండా, తలలన్నీ సరస్సు వైపుకి.
అంత శ్రద్ధగా నేను
ఏ పరీక్షకీ కూర్చోలేదు.

మొదటిరోజు చార్జింగ్ లేదన్నాను.
రెండోరోజు సిగ్నల్ లేదన్నాను.
మూడోరోజు, నైరోబీలో మెషిన్ పాడైందట, అన్నాను.
తమ్ముడు ఒచోలా నా మొహంలోకి చూసి
తన చపాతీ సగం చింపి నా కంచంలో వేశాడు.
వాడు పుట్టి బుద్ధెరిగాక
ఎవరికీ చపాతీ పెట్టినవాడు కాదు.

స్కూలు స్వెట్టర్ ఉతికాను.
ఆరాక మళ్లీ ఉతికాను.
ఇక తొడిగేది లేదని తెలుసు.
అయినా చేతులకి ఏదో ఒక పని కావాలి కదా.

రాత్రిళ్లు దుప్పట్లో, తొడ మీద వేలితో
ఆ కుంభాకార కటకం లెక్క మళ్లీ చేశాను.
ఈసారి జవాబు వచ్చింది.
వచ్చింది కాబట్టే ఏడుపొచ్చింది.

నెరీమాకి ఏ మైనస్.
వాళ్లింట్లో మేకని కోశారు.
కాల్చిన మాంసం వాసన గాలివాటుకి
మా గుమ్మం దాకా వచ్చి నిలబడింది.
నెరీమా అంటే నాకు ప్రాణం.
ఆ సాయంత్రం దాని కాలు విరగాలని కోరుకున్నాను.
కాలు కాదులే, కాలి చిటికెన వేలు.
తెల్లారేసరికి అదీ వెనక్కి తీసుకున్నాను.
అది ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఎత్తలేదు.

నాలుగోరోజు నాయనమ్మ
చేపల్లో చెత్త ఏరుతూ, తలెత్తకుండా,
"వచ్చిందా?" అంది.
"వచ్చింది."
"ఏం వచ్చింది?"
"డి."
"అది ఎన్నో అక్షరం?"
"నాలుగోది."
"మొత్తం ఎన్నుంటాయి?"
"ఇరవై ఆరు."
వేళ్ల కణుపుల మీద ఏదో లెక్క చూసుకుంది.
"ఇరవై ఆరింట్లో నాలుగోదానివా!
మీ తాత పడవ పందెంలో
ఎన్నడూ పదకొండు దాటి ముందుకు రాలేదే."

నవ్వాను.
పొట్ట పట్టుకుని, వల మీద కూలబడి నవ్వాను.
నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలీలేదు,
ఆమెకి తెలిసింది.
కళ్లు తుడవలేదు, దగ్గరికి తీసుకోలేదు.
"అటు తిరిగి ఏడువు," అంది,
"చేప మీద ఏడిస్తే ఆరదు."

అటు తిరిగి చాలాసేపు ఏడ్చాను.
సరస్సు మీద గుర్రపుడెక్క పచ్చగా
ఒక దీవిలాగా కదిలిపోతూ ఉంది,
మీద ఒక కొంగని కూర్చోబెట్టుకుని.

వారం తర్వాత
నాలుగేళ్ల ఫీజు రసీదులున్న బిస్కెట్ డబ్బాలో
అట్టడుగున నాన్న సర్టిఫికెట్ దొరికింది.
మడతల దగ్గర చిరిగి, జిగురు కాగితం అంటించి.
మొత్తం మీద: డి ప్లస్.

మూత పెట్టేశాను.
ఆమెని ఏమీ అడగలేదు.

ఇవాళ ఉత్తరాన మబ్బు పట్టింది.
చినుకు పడేలోగా వలలు చుట్టెయ్యాలి.
ఒచోలా అరుస్తున్నాడు.
మళ్లీ రాస్తానా అంటే,
ఇంకా ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పుకోలేదు.
ఫోను మోగుతోంది. నెరీమానే.
చేతుల నిండా పొలుసులు.
వంగి, ముక్కుతో నొక్కి,
"ఆఁ, చెప్పవే," అన్నాను.